పుట్టుకో, సున్నమో

లఫేయా ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేది కాదు. కోడి గుడ్డు పెట్టానని అరిస్తే, వెళ్ళి గుడ్డు చేత్తో పట్టుకుని, అది ఇంకా వెచ్చగా ఉంటేనే కోడికి కొబ్బరి తురుము వేసేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు తను ఒక కన్ను తెరిచి ఉంచేది, మిగతావాళ్ళు మూశారో లేదోనని. ఆ తెరిచిన కన్ను నాకెలా తెలుసని మీరు అడిగితే, నా దగ్గర జవాబు లేదు.

మా లోలాసి ఊరికంతటికీ సున్నం కాల్చేది ఆమే. మలైటా దీవిలో వక్క నమలని మనిషి లేడు, సున్నం లేని వక్కకి రుచి లేదు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ దోనె వేసుకుని పగడపు గట్టు మీదికి వెళ్ళి, విరిగిన పగడపు కొమ్మలు బుట్టల నిండా ఏరుకొచ్చేది. మడ కట్టెలు పేర్చి, వాటి మీద పగడాలు పోసి, ఒక పగలంతా కాల్చేది. తెల్లారి నీళ్ళు చిలకరిస్తే ఆ రాళ్ళన్నీ బుసబుసమని పిండిలా రాలేవి. అందులోంచి చిటికెడు తీసి నాలుక కొసన పెట్టుకుని కళ్ళు చిట్లించేది. ఘాటెక్కువైతే ఊళ్ళో సగం నోళ్ళు పొక్కుతాయి. ఆమె సున్నం వల్ల ఎవరి నోరూ పొక్కినట్టు నేను వినలేదు. మాట వల్ల పొక్కినవాళ్ళు మాత్రం చాలామంది.

పండగలకి కుర్రాళ్ళు అదే సున్నం నీళ్ళలో కలిపి తలకి పట్టించుకుంటారు. రెండు మూడు రోజులు ఉంచి కడిగితే నల్లజుట్టు ఎర్రబారుతుంది. కొందరు పుట్టుకతోనే పసుపు జుట్టుతో ఉంటారు. ఒళ్ళు మిగతా అందరిలాగే నల్లగా ఉంటుంది, జుట్టు మాత్రం ఎండిన కొబ్బరి పీచు మీద ఎండ పడ్డట్టుంటుంది. ఏది పుట్టుకో, ఏది సున్నమో దోనెడు దూరం నుంచే చెప్పగలనని లఫేయా గర్వం. చేపలు ఎక్కువ తింటే జుట్టు పసుపవుతుందని ఎవరో అంటే, "అలాగైతే ముందు నా పిల్లి పసుపవ్వాలి" అని నోరు మూయించింది.

తెల్లదొరల నుంచి మా దీవులకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, మూడు నెలలకోసారి వచ్చే ఓడలోంచి ఒక కుటుంబం మా రేవులో దిగింది. మగమనిషి పేరు అపిసాయి, నలభై ఏళ్ళుంటాయి. భార్య లితియా నిండు గర్భిణి. వాళ్ళ చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ళ కూతురు వాసితి. ముగ్గురూ మాలాగే నలుపు. తల్లిదండ్రుల జుట్టు కూడా నలుపే. వాసితి జుట్టు మాత్రం పసుపు.

అపిసాయి మా భాష తడుముకుంటూ, ఫిజీ యాసలో మాట్లాడాడు. తన తాతని కుర్రతనంలో కూలీల ఓడ ఈ రేవునుంచే ఫిజీ చెరుకు తోటలకి తీసుకుపోయిందట. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. పేరు ఇరోమే.

ఆ పేరు వినగానే జనం అంతా లఫేయా వైపు తిరిగారు. ఇరోమే ఆమె తండ్రికి అన్న. పసుపు తల ఇరోమే అని ముసలివాళ్ళు ఇంకా చెప్పుకునేవారు. కొండ అంచున, బాదంలాంటి నాలి గింజలు కాసే చెట్లున్న గట్టు ఆయన వాటా. ఆయన పోయాక తమ్ముడు, తమ్ముడి తర్వాత లఫేయా, ఆ గట్టు మీదే చేమా చిలగడా వేసుకుని బతికారు. ఆమెకి తోబుట్టువులెవరూ మిగల్లేదు, భర్త పోయాడు, కూతుళ్ళిద్దరూ వేరే ఊళ్ళకి కాపురానికి వెళ్ళారు. ఆ వంశంలో అవుననడానికైనా కాదనడానికైనా మిగిలింది ఆవిడొక్కతే.

"అత్తా!" అన్నాడు అపిసాయి, చేతులు చాచి.

"ఎవర్రా నీకు అత్త?" అంది లఫేయా. "రేవులో దిగి గంట కాలేదు, అప్పుడే చుట్టరికమా?"

"మా నాన్న మీకు అన్న వరస కదా..."

"వరసలు ఓడలో కూర్చుని ఎవరైనా బట్టీ పట్టొచ్చు. మా తాత పేరు చెప్పు. ఆయన నాన్న పేరు?"

అపిసాయి నీళ్ళు నమిలాడు. అతనికి తెలిసినవి మూడే మాటలు: ఇరోమే, లోలాసి, నాలి చెట్ల గట్టు. ఇక్కడ పదేళ్ళ పిల్లలు పది తరాల పేర్లు గడగడా అప్పజెబుతారు.

"పిల్ల జుట్టు చూడండి. తాత జుట్టు అలాగే ఉండేదని మా నాన్న చెప్పేవాడు" అన్నాడు చివరికి.

లఫేయా వాసితిని దగ్గరికి లాక్కుని, జుట్టు పాయలు తీసి, కుదుళ్ళ దగ్గర పరీక్షగా చూసింది. రెండు వెంట్రుకలు నోట్లో పెట్టుకుని నమిలింది. పిల్ల బిక్కచచ్చిపోయింది.

"సున్నం రుచి తగల్లేదు. సముద్రపు నీళ్ళతో బాగా కడిగారు" అంది. "కుదుళ్ళు చూడండి, ముదురు రంగు. కొసలు పసుపు. పైన పూసిన రంగు కొత్తగా మొలిచే కుదుళ్ళకి ఎలా వస్తుంది? ఇది సున్నమే." తర్వాత లితియా వైపు చూసి, "సున్నం కాకపోతే, ఏమమ్మాయ్, ఫిజీలో తెల్ల కెప్టెన్లు బాగా తిరుగుతుంటారా?" అంది.

కొందరు నవ్వారు. లితియా తలెత్తి, "మా అమ్మా నాన్నా కూడా ఈ దీవి కూలీల బిడ్డలే. నేను తెల్లవాణ్ణి దగ్గర్నుంచి చూసింది ఒక్క బళ్ళోనే, ఆయన మాకు లెక్కలు చెప్పాడు" అంది. ఈసారి నవ్వినవాళ్ళు మొదట నవ్వినవాళ్ళు కారు.

ఊరిపెద్ద సిఫోలా తేల్చి చెప్పేశాడు. లఫేయా నా వాళ్ళేనంటే, గట్టులో సగం ఇచ్చి ఇల్లు కట్టుకోనివ్వాలి. కాదంటే వచ్చే ఓడలో వెళ్ళిపోవాలి. ఫిజీలో వాళ్ళుంటున్న నేల వాళ్ళది కాదు. సొంతదారులు ఖాళీ చెయ్యమన్నాకే వీళ్ళు తట్టాబుట్టా సర్దుకుని వచ్చారు. తిరిగి వెళ్ళినా దిగడానికి చోటు లేదు.

"తీర్పు చెప్పేదీ ఆవిడే, గట్టు పోయేదీ ఆవిడదే" అంది లితియా. మాట నెమ్మదిగానే అంది, కానీ అందరికీ వినపడింది.

అప్పట్నుంచీ ఊరు రెండు కళ్ళతో రెండు వైపులా చూడటం మొదలుపెట్టింది. ఒక కన్ను ఫిజీవాళ్ళ మీద, ఒక కన్ను లఫేయా మీద. నేనప్పుడు ఊరి బడిలో చదువు చెప్పేవాణ్ణి. సున్నం కోసం వెళ్ళినప్పుడు ఒకసారి ధైర్యం చేసి అన్నాను, ఈ దీవిలో పసుపు జుట్టు చాలా ఇళ్ళల్లో ఉందనీ, అది నిజమైనా ఇరోమే మనవడని రుజువు కాదనీ.

"నాకామాత్రం తెలీదా మాస్టారూ?" అంది. "నేను చూసేది చుట్టరికం కాదు, అబద్ధం. జుట్టు దగ్గర అబద్ధమాడినవాడు తాత దగ్గర ఆడడా? జుట్టు నిజమైతే అప్పుడు తాత సంగతి ఆలోచిస్తా."

మూడో వారం ఒక మధ్యాహ్నం లితియాకి నొప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళతో పాటు లఫేయా కూడా పురిటింటికి వెళ్ళి గుమ్మంలో బైఠాయించింది. లోపల జరిగింది మంత్రసాని తర్వాత ఊరంతా చెప్పింది.

"నువ్వెందుకొచ్చావు?" అందట లితియా, పళ్ళు బిగబట్టి.

"చూడ్డానికి. కడుపులోకి వెళ్ళి ఎవరూ సున్నం పుయ్యలేరు కదా."

మగపిల్లాడు పుట్టాడు. తల నిండా జుట్టు. కారు నలుపు.

లఫేయా బయటికొచ్చి, ఎదురుచూస్తున్న జనంతో, "నలుపు" అని ఒక్కమాట చెప్పి వెళ్ళిపోయింది. గుంపు చెదిరింది. ఇక ఓడ రావడమే తరువాయి అనుకున్నారు. అపిసాయి పురిటింటి వెనక చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడు. చంటివాడికి పేరు కూడా పెట్టలేదు.

గెలిచినదానిలా ఉండాల్సిన లఫేయా మర్నాడు పగడాలు కాలుస్తూ నిప్పు ఆర్పేసుకుంది. ఆమె చేతిలో నిప్పు ఆరడం నేనెప్పుడూ చూడలేదు.

"మాస్టారూ, ఒక్క కడుపున పుట్టినవాళ్ళందరికీ ఒకే జుట్టు ఉండాలని మీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసుందా?"

"నేను చదివినవాటిలో లేదు."

"మా అమ్మకి మేం నలుగురం. నేను నలుపు, చెల్లెళ్ళిద్దరూ నలుపు. తమ్ముడు బేకా ఒక్కడే పసుపు. పెద్దయ్యాక వాడికీ కుదుళ్ళు నల్లబడ్డాయి. అమ్మా నలుపే, నాన్నా నలుపే." కట్టె పుల్లతో బూడిద కెలికింది. "వాడు పుట్టినప్పుడు ఊళ్ళోవాళ్ళు మా అమ్మని ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"మొన్న రేవులో నేను లితియాని అన్నదే."

ఆవిడే మళ్ళీ గొంతు మార్చింది: "అలాగని నమ్మేశాననుకోకండి. చూడాల్సింది ఇంకా ఉంది. గొరిగించేద్దాం. నున్నగా గొరిగి, ఓడ వచ్చేదాకా నా ఇంట్లో నా కళ్ళముందు ఉంచుకుంటా. లోపల్నుంచి ఏ రంగు వస్తే అదే నిజం."

ఈ మాట ఊళ్ళో పడగానే గోల లేచింది. మా దగ్గర తల గొరిగించుకునేది ఒక్కందుకే. ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషి రక్తసంబంధీకులు గొరిగించుకుంటారు. చుట్టరికం లేనివాళ్ళు ఎంత స్నేహితులైనా గొరిగించుకోరు, వాళ్ళ వంతు ఏడుపు వరకే. చావు లేకుండా గొరిగిస్తే చావుని పిలిచినట్టేనని ముసలివాళ్ళ భయం.

"పురిటి పిల్లాడున్న ఇంట్లో తల గొరుగుతారా? ఎవరు పోయారని?" అంది లితియా, చంటివాణ్ణి గుండెకి అదుముకుని.

"అసలు ఈవిడ ఇంట్లో పిల్లనుంచితే మసి పూసి నల్లబరచదని నమ్మకమేంటి?" అన్నాడు అపిసాయి.

"నా ఇంట్లో పిల్ల సున్నం దొంగిలించదని నాకు మాత్రం నమ్మకమేంటి?" అంది లఫేయా. "ఇద్దరికీ నమ్మకం లేదు, సరిపోయింది. ఇక చావు సంగతా? ఇరోమే చచ్చిపోయాడా లేదా?"

అపిసాయి తడబడ్డాడు. "ఎప్పుడో పోయాడు. చెరుకు తోట కూలీల పాకల్లో. మా నాన్న అప్పటికి చిన్నపిల్లాడు."

"ఎవరైనా గొరిగించుకున్నారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అక్కడ ఆ ఆచారం చెప్పేవాళ్ళు లేరు. ఇక్కడ ఆయన పోయిన కబురే రాలేదు. డెబ్భై ఏళ్ళుగా ఆ మనిషి కోసం ఏ తలా బోడి కాలేదు. ఆ సంగతి అందరికీ అప్పుడే మొదటిసారి తట్టినట్టుంది.

"అయితే పిల్ల ఆయన కోసమే గొరిగించుకుంటుంది" అన్నాడు సిఫోలా. "మనవడి కూతురు కాకపోతే ఆ పాపం అబద్ధమాడినవాడికి తగుల్తుంది."

రేవు పక్కన అందరి ముందూ గొరిగారు. వాసితి ఏడవలేదు. తీసిన జుట్టులోంచి ఒక పాయని నాకిచ్చారు, ఏ పక్షమూ కాని మనిషినని. నేను దాన్ని ఒక లావుపాటి పుస్తకంలో పెట్టి, తేదీ వేసి, బడి అలమరాలో తాళం వేశాను. లఫేయా వచ్చి తాళం లాగి చూసుకుని వెళ్ళింది.

ఓడ రావడానికి మిగిలిన ఆ తొమ్మిది వారాలూ ఆమె పడ్డ పాట్లు చెప్పాలి. సున్నం కాల్చే ఇంట్లో సున్నం లేని చోటేది? సున్నం పోసిన సొరకాయ బుర్రలన్నీ మూతులు బిగించి చూరుకి వేలాడదీసింది. పిల్ల తుమ్మినా లేచి చూరు చూసేది. రోజూ పొద్దున్నే కొబ్బరిపాలతో తల రుద్ది, ఎండలో కూర్చోబెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసేది. పొద్దునా సాయంత్రం లితియా వచ్చి తన వంతు చూసేది. ఇద్దరాడవాళ్ళూ ఒకే బోడితల మీదికి వంగి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూసేవారు.

"మామ్మా, ఏమైనా మొలిచిందా?" అనేది వాసితి.

"మామ్మ అని ఎవరు పిలవమన్నారు?"

"మరి ఏమని పిలవను?"

"కదలకు" అనేది లఫేయా.

గొరిగిన మూడోవారం ఒక గొడవ జరిగింది. అపిసాయి కూతుర్ని చూడటానికి వచ్చేసరికి పిల్ల నెత్తిమీద నల్లటి మరకలు. అంతే, చేతిలో చేపలు కిందపడేసి కేకలు పెట్టాడు. "చూశారా! మసి! నేను చెప్పలేదూ? పిల్ల తల నల్లబరుస్తోంది ముసల్ది!"

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. లఫేయా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నా పొయ్యి బూడిదలో పల్టీలు కొడితే మసి అంటక గంధం అంటుతుందా? అడగవయ్యా నీ కూతుర్ని!"

"పందిపిల్ల కోసం దూరాను నాన్నా" అంది వాసితి. "అది ముందు దూరింది."

అందరి ముందూ సముద్రపు నీళ్ళతో తల కడిగించారు. మసి పోయింది. కింద గోరు మందాన మొలకలు. కొందరు లేతగా ఉన్నాయన్నారు, కొందరు ముదురన్నారు. ఎవరికి కావలసిన రంగు వాళ్ళకి కనపడింది. అపిసాయి కిందపడ్డ చేపలు ఏరి, ఇసక దులిపి, లఫేయా గుమ్మంలో పెట్టాడు. ఆవిడ వాసన చూసి గానీ తీసుకోలేదు.

ఆ తర్వాత ఒక మార్పు వచ్చింది, అది నేను గమనించాను. పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టి చూడటం అలాగే ఉంది. కానీ ఏమి కనపడిందో ఎవరికీ చెప్పడం మానేసింది. పిల్ల తలకి అరిటాకు పీచుతో టోపీలాంటిది అల్లి పెట్టింది. "ఎండకి రంగు మారిందని తర్వాత ఎవరూ అనకుండా" అంది. లితియా కూడా చూసి ఊరికే వెళ్ళిపోయేది. చూసినదాన్ని ఆమె నోటితో చెబితే ఎవరు నమ్ముతారు?

ఏళ్ళు గడిచాక, చదవడం తప్ప మరే పనీ లేని వయసులో, ఆ జుట్టు గురించి చదివాను. అది తెల్లవాళ్ళ నుంచి వచ్చింది కాదట, ఈ దీవులదేనట. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే పిల్లకి పసుపు జుట్టు వస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే నలుపు కింద కనపడకుండా ఉండిపోయి, ఎన్ని తరాల తర్వాతైనా బయటపడుతుంది. ఒకే ఇంట్లో ఒకరికి రావచ్చు, ఇంకొకరికి రాకపోవచ్చు. నాకు మొదట గుర్తొచ్చింది లఫేయా వాళ్ళమ్మ. ఈ నాలుగు ముక్కలు తెలియక ఎంతమంది ఆడవాళ్ళు తలవంచుకుని రేవులకి నీళ్ళకెళ్ళారో కదా అనిపించింది.

ఓడ ఆరోజు మధ్యాహ్నం వస్తుందని కబురు వచ్చింది. పొద్దున్నే అందరం రేవులో చేరాం. అపిసాయి మూటలు కట్టేసి ఉంచాడు. నేను అలమరా తాళం తీసి పుస్తకం పట్టుకొచ్చాను. లఫేయా మాత్రం రాలేదు. వాసితి ఒక్కతే అరిటాకు టోపీతో నిలబడి ఉంది, మామ్మ వచ్చేదాకా తియ్యొద్దందట.

"వాయిదా వేస్తోంది. ఓడ వచ్చేదాకా రాదు" అన్నాడు అపిసాయి.

"చెప్పలేం. ఆవిడకి గట్టంటే ప్రాణం" అన్నాడు సిఫోలా కూడా.

అప్పుడు మడ చెట్ల వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్నారు. ముందు ఎవరో పోల్చుకోలేకపోయాం. దగ్గరికొచ్చాక తెలిసింది. లఫేయా. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. తనే గొరుక్కున్నట్టుంది, చెవి పైన రెండుచోట్ల తెగి నెత్తురు ఎండిపోయింది.

ఆ తల అర్థం చెప్పనక్కర్లేదు. లితియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం చూస్తారు?" అంది లఫేయా. "పెదనాన్న పోతే గొరిగించుకోకూడదా? ఆలస్యమైంది, అంతే. కబురు ఇప్పుడొచ్చింది."

వాసితి తలమీద టోపీ తీసింది. వేలెడంత లేకపోయినా చిక్కటి ఉంగరాలు, కుదుళ్ళ నుంచీ కొసల దాకా పసుపు, మునుపటికన్నా కాస్త ముదురు. నేను పుస్తకం తెరిచి పాత పాయ పక్కన పెట్టబోయాను.

"మూసెయ్యండి మాస్టారూ" అంది. "రెండు వారాల కిందటే చూసేశా. మళ్ళీ మళ్ళీ చూశా. చూసినకొద్దీ నిజమే అవుతోంది, ఏం చెయ్యను?"

లితియా దగ్గరికి వెళ్ళి, ఆమె చేతుల్లోంచి చంటివాణ్ణి తీసుకుంది. వాడి నల్లజుట్టు నిమిరి, "వీడికి పేరేం పెట్టావు?" అంది.

"మీరొప్పుకుంటే ఇరోమే అని..." అంది లితియా. తర్వాత మెల్లగా, "అత్తయ్యా" అని చేర్చింది.

లఫేయా ఆ పిలుపుని కాదనలేదు. "ఆరోజు రేవులో నిన్నన్నమాట..." అని ఆగి, చంటివాణ్ణి తిరిగి ఇచ్చేసి, "పిల్లాడు తడిపాడు" అంది. అంతకుమించి ఆవిడ క్షమాపణ అడగడం నేను వినలేదు.

ఓడ వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయింది. మూటలు రేవులోనే ఉన్నాయి. లఫేయా కత్తి చంకన పెట్టుకుని, కొండ వైపు చెయ్యి చూపించింది.

"పద అల్లుడూ, గట్టు చూపిస్తా. నాలి చెట్లు పదకొండు. ఒక్కోదానికీ ఒక్కో పేరుంది, మా నాన్న చెప్పినవి. మొదటి ఐదూ మీ తాతవి. ఆరోదాని అవతల కాలు పెట్టావంటే ఊరుకోను."

"మీరెలా చెబితే అలాగే అత్తా. మీరు ముందు నడవండి" అన్నాడు అపిసాయి, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు నడు ముందు" అంది లఫేయా. "నేను వెనకుంటా. చూసుకుంటూ రావాలి కదా."